సంవత్సరాంతపు సెల్ఫ్ అప్రైజల్: బోధన శాతం, పేపర్ల మార్కులు, వేసవి డ్యూటీకి ఈఎల్ (ఆర్జిత సెలవు) లెక్క ఎలా?

నాగావళి_ఒడ్డు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఒక విశ్వవిద్యాలయంలో సైన్స్ విభాగం అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, లెవెల్ 10 (అధ్యాపకుల జీత స్థాయిల్లో మొదటిది). విద్యా సంవత్సరం ముగింపు సర్క్యులర్ వచ్చింది. పది రోజుల్లో సెల్ఫ్ అప్రైజల్ ఫారం రుజువులతో సహా ఇవ్వాలి, ఐక్యూఏసీ (విశ్వవిద్యాలయం అంతర్గత నాణ్యతా విభాగం) వాళ్ల ఎక్సెల్ టెంప్లేట్ నింపాలి, విద్వాన్ (అధ్యాపకుల, పరిశోధకుల వివరాలుండే వెబ్‌సైటు) ప్రొఫైల్ సరిచేసి లింకు పంపాలి. ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు, లెక్కల దగ్గరే ఆగిపోతున్నాను.

ఒకటి: తుఫాను హెచ్చరికలప్పుడు కలెక్టరు గారు సెలవు ప్రకటించిన రోజులు, రథసప్తమి రోజు పోయిన క్లాసులు బోధన శాతం లెక్కలోకి వస్తాయా, తీసేయాలా? రెండు: మా విభాగంలో ఒక మేడమ్ ఒక సెమిస్టరంతా ప్రసూతి సెలవులో ఉన్నారు. ఆవిడ శాతం ఎలా కట్టాలి? మూడు: ఈ ఏడాది ఇద్దరం కలిసి రాసిన పరిశోధన పేపరొకటి, నలుగురం రాసింది ఇంకొకటి వచ్చాయి. మూడోది అంగీకారం వచ్చి ఇంకా అచ్చవలేదు. మార్కులు ఎవరికెంత? నాలుగు: మే నెలలో 18 రోజులు స్పాట్ వాల్యుయేషన్‌కి (జవాబు పత్రాలు దిద్దే క్యాంపుకి) వెళ్లాను. దానికి ఈఎల్ జమ అవుతుందంటున్నారు. ఎంత, ఎవరిని అడగాలి?

కోట_జంక్షన్ (విజయనగరం)

ముందు శాతం సంగతి చూద్దాం మాస్టారూ, ఎక్కువ ఫైళ్లు వెనక్కి తిరిగొచ్చేది అక్కడే.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 రెగ్యులేషన్స్‌లో టేబుల్ 1 ప్రకారం, చెప్పిన క్లాసుల్ని కేటాయించిన క్లాసులతో భాగించి 100తో గుణించాలి. 80 ఆపైన వస్తే ‘గుడ్’, 70 నుంచి 80 లోపు ‘శాటిస్‌ఫ్యాక్టరీ’, 70 కిందకి దిగితే రెండూ కాదు. చూడ్డానికి ఇంతే. తకరారంతా హారం దగ్గర.

ఒక లెక్క వేద్దాం. మీకు వారానికి 16 గంటలు, సెమిస్టరు 15 వారాలు అనుకుందాం. కేటాయించినవి 240. తుఫాను సెలవులకి, స్థానిక సెలవులకి 12 పోయాయి. మీ సీఎల్ (క్యాజువల్ లీవు), ఓడీల (ఆన్ డ్యూటీ) వల్ల మరో 22 పోయాయి. చెప్పినవి 206. హారం ముట్టుకోకుండా కడితే 85.8 శాతం. అంటే ఏమీ తీసేయకపోయినా మీరు ‘గుడ్’లోనే ఉన్నారు. ఆ 12 తీసేసి 228తో భాగిస్తే 90.4 వస్తుంది. గ్రేడు మారలేదు, కానీ సెలవు ఉత్తర్వుల కాపీలు జతచేసే పని మీ నెత్తిన పడింది.

అసలు తప్పు ఇక్కడ జరుగుతుంది. తుఫాను రోజుల క్లాసుల్ని హారంలోంచి తీసేస్తారు, వాటికి బదులు ఆదివారాలు చెప్పిన క్లాసుల్ని మాత్రం పైన లవంలో కలుపుతారు. ఒకే క్లాసుకి రెండుసార్లు లాభం అన్నమాట. మిగతా క్లాసులన్నీ సరిగా చెప్పినవాళ్లకి శాతం 100 దాటిపోతుంది. ప్రమోషన్ స్క్రీనింగ్‌లో కూర్చున్నవాళ్ల కన్ను మొదట పడేది ఆ అంకె మీదే, ఆ తర్వాత మిగతా కాగితాలన్నీ అనుమానంగానే చూస్తారు. నన్నడిగితే హారం కదపొద్దు. బదులు క్లాసులు చెప్పి ఉంటే అటెండెన్స్ రిజిస్టర్‌లో తేదీ, గంట, గది నంబరుతో రాసి, ఏ తేదీ క్లాసుకి బదులో పక్కనే వేసి, విభాగాధిపతి పొట్టి సంతకం చేయించి లవంలో కలపండి. ఉత్తరాంధ్రలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను సెలవు లేని ఏడాది తక్కువ. అందుకే సెమిస్టరు మొదట్లోనే రిజిస్టర్ చివర బదులు క్లాసులకి ఒక పేజీ గీసి ఉంచుకోవడం మేలు.

ఇంకో రెండు చోట్ల లెక్క తప్పుతుంది. మూడు గంటల ల్యాబ్‌ని ఒకరు ఒక క్లాసుగా, ఇంకొకరు మూడుగా వేస్తారు. టైంటేబుల్‌లో గంటల్లో ఉంటే రిజిస్టర్‌లోనూ గంటల్లోనే ఉండాలి. రెండోది, సెమిస్టరు మధ్యలో టైంటేబుల్ మారితే పాతది కూడా సంతకంతో జతచేయాలి. కొత్తదొక్కటే పెడితే మొదటి ఆరు వారాల క్లాసులు ఎక్కడివో అర్థం కాదు.

మేడమ్ గారి విషయం తేలికే. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు, స్టడీ లీవు, మెడికల్ లీవు, డెప్యుటేషన్ కాలాల్ని గ్రేడింగ్ లెక్కలోంచి పూర్తిగా తీసేయాలని అవే రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. పనిచేసిన కాలానికి గ్రేడు కట్టి, దాన్నే మొత్తం కాలానికి వర్తింపజేస్తారు. ఆవిడ ఫారంలో ఆ సెమిస్టరు గడిలో సున్నా వేయకూడదు. ‘సెలవు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు’ అని రాసి ప్రొసీడింగ్స్ (సెలవు మంజూరు ఉత్తర్వు) కాపీ పెట్టాలి. సున్నా వేస్తే ఎక్సెల్ దాన్ని కూడా సరాసరిలో కలిపేస్తుంది, ఆవిడ శాతం సగానికి పడిపోతుంది. ఆవిడ క్లాసులు మీరు పంచుకుని ఉంటే, మార్చి ఇచ్చిన టైంటేబుల్ ప్రకారం అవి మీ కేటాయింపులోకీ వస్తాయి, మీరు చెప్పినవాటిలోకీ వస్తాయి.

టేబుల్ 1లో రెండో భాగం కూడా ఉంది: పాలనా బాధ్యతలు, పరీక్షల పనులు, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ లాంటి విద్యార్థి కార్యక్రమాలు, సెమినార్ల నిర్వహణ, పీహెచ్‌డీ గైడెన్స్, ప్రాజెక్టు, కనీసం ఒక పేపరు. వీటిలో మూడు ఉంటే ‘గుడ్’, ఒకటో రెండో ఉంటే ‘శాటిస్‌ఫ్యాక్టరీ’. పది ఇన్విజిలేషన్లు చేసినా అది ‘పరీక్షల పనులు’ కింద ఒక్కటే. అయితే బోధనలో ‘గుడ్’ ఉంటే, ఇక్కడ ‘శాటిస్‌ఫ్యాక్టరీ’ వచ్చినా మొత్తం గ్రేడు ‘గుడ్’ అవుతుంది. కాబట్టి మూడో పని కోసం ఎక్కడెక్కడో సర్టిఫికెట్లు ఏరుకోనక్కర్లేదు.

వంశధార_ల్యాబ్

పేపర్ల గురించి. రీసెర్చ్ స్కోరు టేబుల్ 2లో ఉంటుంది. లెవెల్ 10 నుంచి 11కి ప్రమోషన్ మీద వెళ్లేటప్పుడు ఆ స్కోరు అడగరు. అసోసియేట్ ప్రొఫెసర్‌కి కనీసం 70, ప్రొఫెసర్‌కి కనీసం 110 కావాలి. అయినా ఏటా కట్టి ఉంచుకోవాల్సిందే. ఎనిమిదేళ్ల తర్వాత ‘ఈ పేపర్లో కరస్పాండింగ్ రచయిత (పేపరు గురించి జర్నల్ వాళ్లతో ఉత్తరాలు నడిపేవారు) ఎవరు’ అని వెతుక్కోవడం కంటే ఇప్పుడు మొదటి పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టడం తేలిక.

సైన్స్‌లో ఒక్కో పేపరుకి 8, భాషలు, మానవీయ శాస్త్రాల్లో 10. దానిపైన జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లని ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) బట్టి అదనం: రిఫరీడ్ (తోటి నిపుణుల పరిశీలన, అంటే పీర్ రివ్యూ ఉన్న) జర్నలే గానీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే 5, ఒకటి లోపు 10, 1 నుంచి 2 వరకు 15, 2 నుంచి 5 వరకు 20, 5 నుంచి 10 వరకు 25, ఆపైన 30. ఇద్దరు రచయితలైతే చెరొకరికీ 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి లేదా కరస్పాండింగ్ రచయితకి 70 శాతం, మిగిలిన ఒక్కొక్కరికీ 30 శాతం.

మీ ఇద్దరి పేపరు 2.4 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్లో వచ్చిందనుకుంటే 8 + 20 = 28, మీ వాటా 19.6. నలుగురి పేపరు అదే జర్నల్లో వచ్చి మీరు మూడో పేరైతే 8.4. ‘మొత్తాన్ని నలుగురికీ సమానంగా పంచి 7’ అని వేసేవాళ్లు ఉన్నారు. అది తప్పు, నష్టం కూడా. నాలుగు వాటాలూ కూడితే 28 దాటుతుంది, దాటనివ్వండి, నియమమే అంత.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఉన్నదే. వెబ్‌సైటు నెత్తిన పెద్దక్షరాల్లో తనకు తాను వేసుకున్న ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8’ చెల్లదు. పేపరొచ్చిన ఏడాది అంకె చూపించే పేజీని తేదీ కనబడేలా ప్రింటు తీయండి.

కేర్ లిస్టు (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) సంగతి కూడా గుర్తుంచుకోండి. యూజీసీ దాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. అంతకుముందు వచ్చిన పేపర్లకి, అచ్చయిన నాటికి జర్నల్ లిస్టులో ఉన్నట్టు రుజువు పెట్టాలి. ఆ తర్వాతవాటికి జర్నల్ పీర్ రివ్యూ విధానం, సంపాదకవర్గం, ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు నంబరు) ఉన్న పేజీలు జతచేసి, మీ విశ్వవిద్యాలయం ఏ కొలమానం పెట్టుకుందో కనుక్కోండి.

అంగీకారం వచ్చిన మూడో పేపరుని ఈ ఏడాది లెక్కలో వేయొద్దు. ‘అంగీకారమైనవి’ అని విడిగా గడి ఉంటే అక్కడ చూపించండి, మార్కు మాత్రం వేయకండి. ఈ ఏడాది ఒకసారి, అచ్చయ్యాక వచ్చే ఏడాది ఇంకోసారి ఎక్కిన పేపర్లు చివర్లో మొత్తం కూడేటప్పుడు బయటపడతాయి, అప్పుడు రెండూ కొట్టేస్తారు. ఆన్‌లైన్‌లో ముందే వచ్చే జర్నల్స్‌తో ఇంకో చిక్కు: ఆన్‌లైన్ తేదీ డిసెంబరు, సంచిక తేదీ మార్చి. రెండిట్లో ఏదో ఒకటే పట్టుకుని అన్ని ఫారాల్లోనూ అదే వేయండి. ఐక్యూఏసీ టెంప్లేట్లో పేపర్లని క్యాలెండరు సంవత్సరం ప్రకారం అడిగారా, విద్యా సంవత్సరం ప్రకారమా అన్నది షీటు తలకట్టులో ఉంటుంది. అప్రైజల్ ఫారంలోంచి కాపీ చేసి అక్కడ అతికిస్తే అంకెలు కలవనిది అందుకే.

తపాలా_సెక్షన్

ఎస్టాబ్లిష్‌మెంట్ (ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే సెక్షన్) వైపు నుంచి ఈఎల్ సంగతి చెబుతాను. యూజీసీ నియమం ప్రకారం అధ్యాపకుడికి వెకేషన్‌తో కలిపి సర్వీసులో ముప్పయ్యో వంతు, దానిపైన వెకేషన్లో డ్యూటీ చేయించిన కాలంలో మూడో వంతు ఈఎల్ వస్తుంది. మీ 18 రోజులకి 6. నిల్వ 300 దాటకూడదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ సొంత లీవ్ రూల్స్ పెట్టుకుని ఉంటాయి, కాబట్టి ముందు మీ సెక్షన్లో ఏది అమల్లో ఉందో అడగండి.

అసలు మెలిక రెమ్యూనరేషన్ దగ్గర. స్క్రిప్టుకింత అని డబ్బు తీసుకున్న వాల్యుయేషన్ని చాలాచోట్ల వెకేషన్ డ్యూటీగా ఒప్పుకోరు. క్యాంపు ఆఫీసరుగానో, చీఫ్ సూపరింటెండెంటుగానో వెకేషన్ వదులుకుని పనిచేయాలని ప్రొసీడింగ్స్‌లో స్పష్టంగా ఉంటే దారి సులువు. మీ ఉత్తర్వులో ఆ మాట ఉందా చూసుకోండి. లేకపోతే ఇప్పుడు వెనకటి తేదీతో రాయించాలని తిరగకండి, ఆడిట్లో అది ఇంకా పెద్ద అభ్యంతరం అవుతుంది.

ఉంటే విభాగాధిపతి ద్వారా అర్జీ పెట్టండి. దానికి డ్యూటీ ఉత్తర్వు, క్యాంపులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో తెలిపే అటెండెన్స్ సర్టిఫికెట్, ఆ ఏడాది వెకేషన్ తేదీల నోటిఫికేషన్ జతచేయాలి. మీ 18 రోజుల్లో ఆరు రోజులు వెకేషన్ మొదలవకముందే పడితే లెక్క 12కే కడతాం, అంటే 4. వెకేషన్ తేదీలు జతచేయకపోతే ఫైలు మా దగ్గరే ఆగుతుంది. జమ మంజూరయ్యాక సర్వీసు రిజిస్టర్ లీవ్ అకౌంట్లో ఎంట్రీ పడిందా, కింద అధికారి సంతకం ఉందా చూసి ఆ పేజీ ఫొటోకాపీ అడగండి. మంజూరు ప్రొసీడింగ్స్ చేతిలో ఉన్నా రిజిస్టర్లో ఎక్కకపోతే రిటైరయ్యే నాడు ఆ ఆరు రోజులూ లేనట్టే.

సీఎల్ వేరు. అది చాలాచోట్ల క్యాలెండరు సంవత్సరానిది, డిసెంబరు 31తో మురిగిపోతుంది. అప్రైజల్లో విద్యా సంవత్సరానికి సీఎల్ ఎన్ని అని అడిగితే రెండు క్యాలెండరు సంవత్సరాల్లోంచి ఏరి కూడాలి. రిజిస్టర్లో ఒక ఏడాది మొత్తం అంకె దించేస్తే ఓడీ, సీఎల్, క్లాసులు ఒకదానితో ఒకటి పొసగవు.

గంటస్తంభం_లైబ్రరీ

విద్వాన్ ప్రొఫైల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. మన పేర్లే పెద్ద తంటా. ఇంటిపేరు ముందు పెట్టే అలవాటు మనది, జర్నల్స్ వాళ్లకి అది చివర ఉండాలి. అప్పలనాయుడు అనే ఆయన ఇంటిపేరు పొడి అక్షరం ‘ఎం’ అయితే, ఒక పేపర్లో ‘ఎం. అప్పలనాయుడు’, ఇంకోదాంట్లో ‘ఎ. ఎం. నాయుడు’, మరోదాంట్లో ‘నాయుడు ఎం. ఎ.’ అని పడతాడు. స్కోపస్ (పరిశోధన పేపర్ల డేటాబేస్) అతన్ని ముగ్గురు మనుషులుగా చూస్తుంది, పేపర్లు మూడు ఐడీలకి చీలిపోతాయి.

వరస ఇదీ: ముందు ఆర్కిడ్ తెరిచి (పరిశోధకుడికి ఇచ్చే 16 అంకెల గుర్తింపు నంబరు) ‘ఇతర పేర్లు’ దగ్గర ఇప్పటిదాకా పడిన రూపాలన్నీ చేర్చండి. తర్వాత స్కోపస్‌లో మీ పేరుతో ఉన్న ఐడీలన్నీ వెతికి, కలపమని అక్కడి ఫారంలో అడగండి. అది అదే రోజు అయ్యే పని కాదు, అందుకే పది రోజుల గడువులో మొదటి రోజే పంపాలి. ఆ తర్వాతే విద్వాన్‌కి రండి. ముందే విద్వాన్ నింపితే చీలిన ఐడీల్లో ఒక్కదాన్నే జతచేస్తారు, మిగతా పేపర్లు అందులో కనబడవు.

విద్వాన్‌లో హోదా, విభాగం, ఈమెయిలు కూడా చూడండి. పాత కళాశాల ఈమెయిలుతో ఖాతా తెరిచి ఉండి, ఆ ఈమెయిలు మూతపడితే పాస్‌వర్డు మార్చుకునే దారే ఉండదు.

నాగావళి_ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. నా ఉత్తర్వులో ‘వెకేషన్ వదులుకుని’ అన్న మాట లేదు, రెమ్యూనరేషన్ కూడా తీసుకున్నాను, కాబట్టి ఈఎల్ ఆశ వదిలేస్తున్నాను. ఇంకొక్కటి: ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ కార్యక్రమం) సర్టిఫికెట్లు ఎన్ని పెట్టాలి? ఒకరోజు వెబినార్లవి ఇరవై దాకా ఉన్నాయి.

వంశధార_ల్యాబ్

లెవెల్ 11కి పనికొచ్చేది 21 రోజుల ఓరియంటేషన్, దానితోపాటు రిఫ్రెషర్ లాంటిది ఒకటి. రిఫ్రెషర్ లేకపోతే కనీసం వారం నిడివి ఉన్న ఎఫ్‌డీపీలు రెండు, లేదా ఈ-సర్టిఫికెట్‌తో పూర్తిచేసిన మూక్ (ఎవరైనా చేరగల ఆన్‌లైన్) కోర్సు ఒకటి. వారం అంటే అయిదు రోజులు. ఒకరోజు వెబినార్లు ఇరవై కలిపినా వారం ఎఫ్‌డీపీ ఒకటి కాదు. వాటిని ఒక జాబితాగా రాసి వదిలేయండి, కాపీలు జతచేయకండి. వారం ఎఫ్‌డీపీ సర్టిఫికెట్ మీద మాత్రం మొదలైన తేదీ, ముగిసిన తేదీ రెండూ ఉన్నాయా చూడండి. ‘విజయవంతంగా పూర్తిచేశారు’ అని ఒకే తేదీ వేసి ఇచ్చినవి ఉంటాయి. అలాంటిదైతే షెడ్యూలు బ్రోషర్ దాని వెనకే కుట్టేయండి.