అప్‌డేట్: నాన్న ల్యాప్‌టాప్ లేచింది

పోయిన నెల అడిగాను కదా, నాన్న వాడిన పాత ల్యాప్‌టాప్ ఆన్ అవడానికే పది నిమిషాలు పడుతోంది, పాత సామాన్లకి ఇచ్చేయాలా అని. హార్డ్ డిస్క్ మార్చి చూడమన్న అందరికీ చాలా థ్యాంక్స్. శనివారం బెంగళూరు చిక్‌పేట మెట్రోలో దిగి, కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా నడిచే డిస్క్) కొన్నాను. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దాని బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. అర నిమిషంలో లేస్తోంది.

అసలు సంగతి అది కాదు. పాత డిస్క్‌లో నాన్న రాసిన ఉత్తరాలు దొరికాయి, నేను హాస్టల్లో ఉన్నప్పటివి. తెరిస్తే అన్నీ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు. గుండె జారిపోయింది. తర్వాత వెలిగింది: ఆయన డీటీపీ (కంప్యూటర్లో అచ్చుకి పేజీలు తయారుచేసే పని) చేసేవారు, టైపింగంతా అను ఫాంట్లలోనే. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే ఇప్పటి పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే మన తలకట్లు, గుడులు, వత్తులు కూర్చోబెట్టిన పద్ధతి. ఫాంటు లేకపోతే తెలుగే కనిపించదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు వచ్చింది, కొన్ని వత్తులు మాత్రం చెదిరాయి. వాటిని ఒక్కొక్కటీ చేత్తో దిద్దుతున్నాను. మీ ఇళ్లలో కూడా ఇలాంటి ఫైళ్లు ఉంటే డిస్క్ పారేయకండి, ముందు కాపీ తీసుకోండి.

నాలుగు ఉత్తరాలు పూర్తయ్యాయి. రాత్రి అమ్మకి ఫోన్‌లో ఒకటి చదివి వినిపించాను. ఇంకోటి చదవమంది.