మత్తు ఇచ్చే నర్సుకు నర్సింగ్ థియరీ అవసరమా?

సెవో_స్టూడెంట్: అమెరికాలో నర్స్ అనస్థీషియా చదువుతున్నాను, అంటే మత్తు ఇచ్చే నర్సు (సిఆర్ఎన్ఏ) అయ్యే కోర్సు. ఈ సెమిస్టరంతా నర్సింగ్ థియరీల మీద పేపర్లే: పేషెంట్ కంఫర్ట్ గురించి చెప్పే కోల్కాబా కంఫర్ట్ థియరీ, మార్పులకు మనిషి ఎలా సర్దుకుంటాడో చెప్పే రాయ్ అడాప్టేషన్ మోడల్. ఆ టైమ్‌లో ఎయిర్‌వే (పేషెంట్ ఊపిరి దారి చూసుకోవడం), ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) ఇంకాస్త చదివితే పేషెంట్‌కు మేలు కదా?

టెక్సాస్_సిఆర్ఎన్ఏ: మత్తు దిగుతూ ఒకావిడ గడగడా వణుకుతోంది. నొప్పేమో అని ఫెంటానిల్ అనే నొప్పి మందు వైపు చెయ్యి పోతుంది. కోల్కాబా థియరీలో కంఫర్ట్ అంటే ఒంటి సుఖంతోనే ఆగదు. మనసు, చుట్టుపక్కల వాతావరణం, అయినవాళ్ళు అన్నీ చూడమంటుంది. అడిగితే తెలుస్తుంది, ఆవిడకు చలి, పైగా కొడుకు బయట ఉన్నాడో లేడో అని భయం.

సెవో_స్టూడెంట్: వణికితే ఆక్సిజన్ ఎక్కువ కావాలని ఫిజియాలజీలోనే ఉంది. దుప్పటి కప్పడానికి థియరీ ఎందుకు?

టెక్సాస్_సిఆర్ఎన్ఏ: దుప్పటి దగ్గరే ఆగిపోయారు. కొడుకు మాట చదవలేదా?

గుంటూరు_స్టాఫ్‌నర్స్: ఇక్కడ మత్తు డాక్టర్లదే, మా చేతికి రాదు. బీఎస్సీలో ఒరెమ్ థియరీని (పేషెంట్ తన సంరక్షణ తను చేసుకోలేనప్పుడు నర్సు ఆదుకోవాలనేది) బట్టీ పట్టాను. నైట్ డ్యూటీలో వార్డంతా ఒక్కదాన్నే, ఎప్పుడు వాడను?

సెవో_స్టూడెంట్: టెక్సాస్ అక్కా, మీరు మాస్టర్స్‌తో బయటపడ్డారు. 2022 నుంచి చేరినవాళ్ళకు డాక్టరేట్ తప్పనిసరి. అప్పు మాది, పేపర్లు మావి!

టెక్సాస్_సిఆర్ఎన్ఏ: ఇదన్నమాట అసలు బాధ! అప్పు మీద కోపం థియరీ మీద చూపించకండి. ఒక సర్జన్ నన్ను అందరి ముందూ 'గ్యాస్ తిప్పే మనిషి' అన్నాడు. నర్సింగ్ వదిలేస్తే మనం అంతేగా? 1936లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, సర్జన్ పర్యవేక్షణలో నర్సు మత్తు ఇస్తే అది డాక్టరు ప్రాక్టీసు చేసినట్టు కాదని తేల్చింది. మనం నిలబడింది నర్సులుగానే.

సెవో_స్టూడెంట్: అప్పటికి ఈ థియరీలు పుట్టనే లేదు. అమెరికాలోని మేయో ఆసుపత్రిలో నర్సు ఆలిస్ మగా 14,000కు పైగా కేసులకు మత్తు ఇచ్చి, దానివల్ల ఒక్కరూ చనిపోలేదని 1906లో రాసింది. పేరు నిలబెట్టింది పనే. నేనూ నర్సునే అక్కా, ఐసీయూలో చేసే వచ్చాను. అది నిరూపించడానికి మళ్ళీ పేపర్లు రాయమంటేనే ఒళ్ళు మండుతోంది.

వైజాగ్_ఓటీ: ఇద్దరూ నర్సింగ్ కోసమే కొట్టుకుంటున్నారు.

టెక్సాస్_సిఆర్ఎన్ఏ: కొడుకు గురించి అడగాలని ఎయిర్‌వే క్లాసులో ఎవరు నేర్పుతారు?

సెవో_స్టూడెంట్: థియేటర్‌లో పక్కన నిలబడే మీలాంటివాళ్ళు. ఆ గంటలే పెంచమంటున్నాను.

టెక్సాస్_సిఆర్ఎన్ఏ: నాకు నేర్పినాయన పేషెంట్‌తో రెండు మాటలు మాట్లాడితే టైమ్ వేస్ట్ అని కసిరేవాడు. మీకూ అలాంటివాడే దొరికితే? అందుకే అది సిలబస్‌లో ఉండాలంటాను.