వంటింట్లో కందిరీగ లాంటి నల్ల ఈగ, ఇదేంటి?

మాది మిర్యాలగూడ. 10 రోజులుగా పొద్దున 7, 8 గంటల మధ్య వంటింటి కిటికీ అద్దం మీద రెండు మూడు నల్ల ఈగలు కనిపిస్తున్నాయి. పొడవు ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది. చూడ్డానికి అచ్చం కందిరీగే. కానీ గ్లాసు బోర్లించి పట్టి చూస్తే రెక్కలు రెండే ఉన్నాయి, కందిరీగకు నాలుగుంటాయి కదా. కాళ్ల చివర తెలుపు. నడుము దగ్గర రెండు మచ్చలున్నాయి, వెలుతురులో చూస్తే వాటిలోంచి అవతలికి కనిపిస్తోంది. ఎవరినీ కుట్టలేదు, అన్నం మీద వాలడం లేదు.

ఫినాయిల్‌తో తుడిచాను, కిటికీకి దోమల జాలీ కొట్టించాను. అయినా ఆగలేదు. ఫోన్‌లో ఫొటోతో వెతికితే ఒకసారి కందిరీగ, ఒకసారి తేనెటీగ అని వస్తోంది. సింకు కింద ఎరువు కోసం కూరగాయల తొక్కలు వేసే బకెట్‌లో గోధుమరంగు, చదునైన పురుగులు కూడా ఉన్నాయి. ఇంట్లో పాకే పాప ఉంది, అదే టెన్షన్.

ఇది ఏ ఈగో ఎవరైనా చెప్పగలరా?