పిన్ను సరిపోయింది కదా అని పాత అడాప్టర్ కీబోర్డుకు పెట్టొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటుందని బంధువులు తమ 61 మెట్ల కీబోర్డు ఇచ్చారు. అడాప్టర్ మాత్రం ఎక్కడో పోయిందట. ఇంట్లో పాత రౌటర్‌ది ఒకటి పడి ఉంటే పెట్టి చూశాను, పిన్ను చక్కగా పట్టింది. స్విచ్ ఇంకా వేయలేదు. వేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:
స్విచ్ వేయకముందే అడిగి మంచి పని చేశారండీ. పిన్ను పట్టిందంటే సైజు కుదిరిందని మాత్రమే అర్థం. ఒకే సైజు పిన్నుతో 5 వోల్టులవీ ఉంటాయి, 12 వోల్టులవీ ఉంటాయి.

కీబోర్డు వెనక పిన్ను పెట్టే చోట సన్నగా అచ్చు వేసి ఉంటుంది, టార్చి వేసి చూడండి. అక్కడ రాసిన వోల్టులూ అడాప్టర్ మీద ‘అవుట్‌పుట్’ అన్నచోట ఉన్న వోల్టులూ ఒకటే అయ్యుండాలి. పక్కనే డీసీ అని ఉండాలి. ఏసీ అని ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

తర్వాత ఆంపియర్లు. ఇవి అడాప్టర్‌లో ఎక్కువున్నా ఫరవాలేదు, కీబోర్డు తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే చిక్కు. మొదట పని చేస్తున్నట్టే ఉంటుంది, వాల్యూమ్ పెంచగానే ఆగిపోతుంది, అడాప్టర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

చాలామంది చూడనిది ప్లస్, మైనస్. చిన్న చుక్క, దాని చుట్టూ సగం గీసిన వలయం, అటూ ఇటూ ప్లస్, మైనస్ గుర్తులతో ఒక బొమ్మ ఉంటుంది. చుక్కకు ఏ గుర్తు కలిసి ఉందో పిన్ను లోపలి భాగం అది. ఈ బొమ్మ రెండిటి మీదా ఒకేలా ఉండాలి. యమహా చిన్న కీబోర్డుల్లో చాలావాటికి 12 వోల్టులు, లోపల ప్లస్. కాసియో పాత మోడళ్లలో చాలావాటికి 9 వోల్టులు, లోపల మైనస్. ఒకదానిది ఇంకోదానికి పెడితే సర్క్యూట్ పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. కీబోర్డు మీద 12 వోల్టులు, లోపల ప్లస్. అడాప్టర్ మీదా అంతే. ఆంపియర్ల దగ్గర 0.5 అని ఉంది. కీబోర్డు మీద ఆ సంఖ్య లేదు.

జవాబు:
అయితే ఇంకా తొందరపడొద్దు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబర్ కొడితే మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏ అడాప్టర్ వాడాలో పేరుతో సహా ఉంటుంది. దాని ఆంపియర్లు 0.5 కంటే ఎక్కువైతే మీ దగ్గరున్నది పనికిరాదు. నా మాట వింటే అందులో చెప్పిన అడాప్టరే కొనండి, పిల్ల రోజూ వాడేది కదా.

మరొకరి జవాబు:
నేను పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. కరెంటు సంగతి పైన వివరంగా చెప్పేశారు, నేను మిగతావి చెబుతాను.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఆన్ చేయించండి. హెడ్‌ఫోన్ పెట్టుకునేటప్పుడైతే ఇది తప్పనిసరి. ముందు తగ్గించి, తర్వాత చెవులకు పెట్టుకుని, మెల్లగా పెంచాలి. పిల్లల చెవులకు వారానికి 40 గంటల పాటు 75 డెసిబెల్స్ మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో అది కొలవలేం కాబట్టి హెడ్‌ఫోన్ ఉండగా మీరు మామూలుగా పిలిస్తే తనకు వినపడాలి అన్నది లెక్కగా పెట్టుకోండి.

బయటి స్పీకరుకో ఆంప్లిఫయరుకో కలిపితే ముందు కీబోర్డు ఆన్ చేసి, చివర్లో ఆంప్లిఫయర్ వేయాలి. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయర్. వరస తప్పితే ‘ఠప్’మని శబ్దం వస్తుంది, అది స్పీకరుకు మంచిది కాదు.

ఎత్తు మీద శ్రద్ధ పెట్టండి. కూర్చుని మెట్ల మీద వేళ్లు పెడితే మోచేయి మెట్లకు సమానంగా ఉండాలి. నేల మీద పెట్టి వంగి వాయించే పిల్లలకు నడుము, మణికట్టు నొప్పులు వస్తాయి. అప్పుడు అభ్యాసం మీదే విసుగు పుడుతుంది. నాకు ఇదే ఎక్కువ బాధ.

ప్రశ్న అడిగినవారు:
అసలు అడాప్టరే కొన్నాను, పని చేస్తోంది. చాలా థాంక్స్! ఇప్పుడు కొత్త టెన్షన్. ఎడమవైపు మెట్లు నొక్కితే విడి స్వరం రావట్లేదు, ఏదో కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలకడం), డ్రమ్స్ కలిపి మోగుతున్నాయి. కుడివైపు బాగానే ఉంది కానీ టీచరు ఆన్‌లైన్‌లో చూపించినదానికి మాది ఒక స్వరం ఎక్కువ పలుకుతోంది. చెడిపోయిందా?

మరొకరి జవాబు:
చెడిపోలేదండీ. ఎడమవైపుది అకంపనిమెంట్ మోడ్, అంటే కీబోర్డే వెనక వాద్యాలు వాయించే పద్ధతి. అది ఆన్‌లో ఉంటే ఎడమ మెట్లు కార్డ్స్ గుర్తుపట్టడానికే పని చేస్తాయి. దాన్ని ఆపేస్తే 61 మెట్లూ మామూలుగా పలుకుతాయి. స్వరం ఎక్కువ పలకడానికి కారణం ట్రాన్స్‌పోజ్, అంటే మెట్లన్నిటి శ్రుతినీ ఒకేసారి పెంచే, తగ్గించే సెట్టింగు. పాడేవారి శ్రుతికి సరిపడేలా ఎవరో పెంచి వదిలేసి ఉంటారు, సున్నాకు తెచ్చేయండి. ఇంకా ఇలాంటివి బయటపడుతుంటే మాన్యువల్‌లో ఫ్యాక్టరీ రీసెట్ ఎలాగో చూసి చేయండి. పాతవాళ్లు దాచుకున్నవి ఏమైనా ఉంటే పోతాయి, ముందు వాళ్లను ఒక మాట అడగండి.

ముందుముందు సస్టెయిన్ పెడల్ (కాలితో నొక్కితే, వేలు తీసినా స్వరం మోగుతూ ఉండేలా చేసేది) కొంటే, అది కాలు తీస్తే మోగి, నొక్కితే ఆగుతుంటే కంగారు పడకండి. కంపెనీని బట్టి పెడల్ స్విచ్ తీరు తలకిందులుగా ఉంటుంది. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడు దాన్ని గుర్తుపడతాయి. కాబట్టి ఆపేసి, పెడల్ మీద కాలు పెట్టకుండా మళ్లీ ఆన్ చేయండి.

మొదటి జవాబిచ్చినవారు:
ఒకటి మరిచాను. పాత కీబోర్డు కదా, అడుగున బ్యాటరీ మూత తీసి చూడండి. ఏళ్లుగా ఉండిపోయిన సెల్స్ కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉండొచ్చు. ఉంటే చేతులకు గ్లవ్స్ వేసుకుని సెల్స్ తీసేయండి, పొడిబట్టతో తుడిచి అడాప్టర్ మీదే నడపండి. పైన తుడవడానికీ మెత్తటి పొడిబట్టే వాడండి, థిన్నర్, స్పిరిట్ లాంటివి తగలనివ్వొద్దు.