అప్‌డేట్: ఇంట్లో చేసిన సకినాలు, పల్లి పట్టీల ప్యాకెట్ మీద ఏం రాయాలి
మహబూబ్‌నగర్‌లో ఇంట్లోనే సకినాలు, పల్లి పట్టీలు చేసి అమ్ముదామనుకుంటున్నాం, లేబుల్ మీద ఏముండాలని అడిగాను కదా, ఆ పని అయింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే చేసుకున్నాం. ఆ 14 అంకెల నంబర్, లోగో వేయాల్సిందే. తెలుగు ఒక్కటే వేస్తే చెల్లదు, ఇంగ్లీషు గానీ హిందీ గానీ తప్పనిసరి, తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు. పదార్థాలు బరువు ఎక్కువున్న వాటితో మొదలుపెట్టి రాయాలి, అంటే సకినాలకు బియ్యప్పిండి ముందు, వాము చివర. పల్లీలు పడనివాళ్లుంటారు కాబట్టి పట్టీల ప్యాకెట్ మీద "పల్లీలు ఉన్నాయి" అని విడిగా వేయించాం, చిన్నపిల్లలు తినేవి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన లైన్ ఇదే. ఇంకా శాకాహారమని చూపే ఆకుపచ్చ చుక్క గుర్తు, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలో, బ్యాచ్ నంబర్, ఎమ్మార్పీ, పేరు, అడ్రస్. ఓపిగ్గా చెప్పిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.