పెర్ఫార్మెన్స్‌ని ‘ప్రదర్శన’ అనొచ్చా?

సంగీతశాస్త్రం, తత్త్వశాస్త్రం కలిపి చదువుతున్నాను, నోట్సు తెలుగులో రాసుకుందామని కూర్చుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. పెర్ఫార్మెన్స్‌కి అందరూ ‘ప్రదర్శన’ అంటారు. అందులో ఉన్నది చూపించడం. వినేదాన్ని చూపించడమేమిటి? పోనీ ‘కచేరీ’ అందామంటే అది మొత్తం కార్యక్రమం, గదిలో ఒక్కరే కూర్చుని వాయించుకుంటే కచేరీ కాదు కదా.

> ‘ప్రయోగం’ ఉంది కదండీ, నాట్యశాస్త్రంలోనే ఆ అర్థంలో ఉంది.

ఉందండీ, కానీ ఇవాళ ఆ మాట వింటే ల్యాబ్ గుర్తొస్తుంది. పైగా కర్ణాటక సంగీతం వాళ్లకి ప్రయోగం అంటే రాగంలో ఒక స్వరాల పోకడ.

> నన్నడిగితే ‘పాట’ చాలు. ఆడు–ఆట, పాడు–పాట. అసలు అది పని పేరే, వస్తువు పేరు తర్వాత అయింది. "ఆవిడ పాట విన్నావా" అంటే గొంతు, "ఆవిడ పాట చదివావా" అంటే రచన, పక్కనున్న క్రియే తేల్చేస్తుంది. క్రిస్టఫర్ స్మాల్ అనే సంగీత రచయిత 1998లో సంగీతం వస్తువు కాదు, మనుషులు చేసే పని అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో మ్యూజిక్‌ని క్రియ చేసి ‘మ్యూజికింగ్’ అని పుస్తకానికే పేరు పెట్టాల్సి వచ్చింది, మనకి ఆ తిప్పలు లేవు.
>
> పాడటం, రచన రెండూ ఒకే మాటలో కలిసిపోతే తత్త్వం వాళ్లకి కష్టమే అనుకోండి. నెల్సన్ గుడ్‌మన్ అనే తత్త్వవేత్త 1968లో, రాసిన స్వరాల్లో ఒక్కటి తప్పినా అది ఆ కృతిని వాయించినట్టే కాదన్నాడు, వేగం మాత్రం ఆయన లెక్కలోకి రాదు. పియానిస్ట్ గ్లెన్ గౌల్డ్, బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ని పియానో మీద 1955లో, 1981లో రెండుసార్లు రికార్డు చేశాడు. మొదట్లో వచ్చే ‘ఆరియా’ (aria) అనే చిన్న భాగం ఒక్కటీ వినండి, అప్పుడు రెండు నిమిషాల లోపు, తర్వాత మూడు నిమిషాలు. కాగితం మీద అవే స్వరాలు, చెవికి మాత్రం ఇద్దరు మనుషులు వాయించినట్టుంటుంది. ఆ తేడాకే మీకు పేరు కావాలి, ప్రదర్శన అంటే అది పట్టుబడదు.

బాగుంది, ఒప్పుకున్నాను. కానీ మీ ఉదాహరణే పియానో! ‘పియానో పాట’ అంటే పియానోతో పాటు ఎవరో పాడారనుకుంటారు. ‘వాదన’ అంటే కోర్టు, ‘వాయింపు’ అంటే ఎవరికో నాలుగు తగిలించినట్టుంది. నోట్సులో ప్రస్తుతానికి ‘పాడటం, వాయించడం’ అని క్రియలుగానే రాస్తున్నాను, వాక్యాలు కాస్త పొడుగవుతున్నాయి అంతే. ఇక్కడ మృదంగం వాళ్లెవరైనా ఉన్నారా? "ఆయన ____ బాగుంటుంది" అనాల్సి వస్తే ఆ ఖాళీలో మీరేం పెడతారు?