ఫారెస్ట్ ఔలెట్: ప్రమాద స్థాయి తగ్గించడం సరైనదేనా?

అడవిబాట: మధ్య భారతపు అడవుల్లో ఉండే ఈ చిన్న గుడ్లగూబను, జీవజాతుల ప్రమాద స్థాయి తేల్చే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2018లో ‘అత్యంత ప్రమాదంలో’ నుంచి ‘ప్రమాదంలో’కి మార్చింది. 1884 తర్వాత 113 ఏళ్లు జాడ లేదు. 1997లో మహారాష్ట్రలో షహాదా దగ్గర మళ్లీ కనబడింది. ఇరవై ఏళ్లకే అంత ధీమా ఏమిటో!

పాతచీటీ: 1914లో గుజరాత్‌లోని మాండ్విలో దొరికిందని చదివానే?

రెక్కలెక్క: అది పక్షి నమూనాలు సేకరించిన బ్రిటిష్ సైనికాధికారి మైనర్ట్‌జాగన్ మోసం. మ్యూజియంలో దొంగిలించిన పాత నమూనాకే కొత్త చీటీ కట్టాడు. ఇక స్థాయి అంటారా, మహారాష్ట్రలో మేల్ఘాట్, మధ్యప్రదేశ్‌లో ఖక్నార్, చివరికి ముంబై దగ్గరి తాన్సా, వెతికిన కొద్దీ కనబడుతోంది. అసలు తేల్చాల్సింది పేరు. పక్షి శాస్త్రవేత్త హ్యూమ్ 1873లో దీనికి హెటెరోగ్లాక్స్ అని విడి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) పెట్టాడు. డీఎన్ఏ చూస్తే మామూలు పైడికంటె గుడ్లగూబ ఉండే ఎథీనీ ప్రజాతిలోనే పడింది.

అడవిబాట: ప్రజాతి మారిస్తే అది ఉండే అడవిలో నరికేసిన టేకు చెట్టు లేచి నిలబడుతుందా సార్?

రెక్కలెక్క: నేను వర్గీకరణ మాట్లాడుతుంటే మీరు టేకు దగ్గరికి పోతారేం?

ఊరపిచ్చుక: పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

అడవిబాట: ‘వెతికిన కొద్దీ’ అంటే ఒళ్లు మండుతుంది. ఒక తొర్ర చూసి మిత్రుడికి చెప్పాను. వారం తిరక్కుండా అయిదు కార్లు. ఇది పగలే తిరిగే పిట్ట, కెమెరాకి సులువు. దాని కూత రికార్డు పెట్టి పిలిచారు. జంట ఆ తొర్ర వదిలేసింది. ఆ చోటే తర్వాత లెక్కల్లో ‘కొత్త ఉనికి’ అయింది! పెరిగింది పిట్టలా, వెతికేవాళ్లా?

రెక్కలెక్క: వెతికేవాళ్లే, ఒప్పుకుంటా. కానీ అక్కడ ఉందని ఎవరికీ తెలియకపోతే ఆ అడవి నరికేటప్పుడు అడ్డం పడేదెవరు? 113 ఏళ్లు ఎవరూ చూడలేదు, దానివల్ల అడవి మిగిలిందా?

అడవిబాట: జిల్లా చెప్పండి. చెట్టు చెప్పకండి.

రెక్కలెక్క: చెట్టు నేనెప్పుడు చెప్పాను?

అడవిబాట: మొన్న మీరు పెట్టిన గూడు ఫొటోలో వెనక గుడి గోపురం కనబడుతోంది.

పాతచీటీ: అవును, నేనూ గుర్తుపట్టా.

రెక్కలెక్క: …తీసేశాను. ప్రజాతి మాత్రం ఎథీనీయే.